అడ్డబద్దకు గుడ్డ కట్టిందెవరు

మా వదినను కొత్తగా చూసినవాళ్ళ కళ్ళు ముందు ఆమె కుడిచేతి మీదే పడతాయి. ఆ వెంటనే చూపు తిప్పేసుకుని, ఎండలు మండిపోతున్నాయంటూ ఏదో వాగుతారు. మణికట్టు దగ్గర ఆగిపోయిన చెయ్యి మరి. ఆమె మాత్రం దాన్ని ఎప్పుడూ దాచుకోలేదు. "గాజులవాడు నన్ను చూస్తే ఏడుస్తాడే అమ్మాయ్, వాడికి సగం బేరమే" అని తనే నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది. నవ్వాల్సిన విషయమా అది?

వదిన అంటే మా ఆయనకు అక్క, తోడబుట్టిన అక్క. మా అత్తగారు పోయేనాటికి మా ఆయన చొక్కా గుండీలు కూడా పెట్టుకోలేని పసివాడట. స్నానం చేయించింది, బడికి పంపింది, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుంది, అన్నీ ఈవిడే. పెళ్ళి మాటెత్తితే "వాడొక దారిన పడనీ" అనేది. వాడు దారిన పడ్డాడు. ఈవిడ దారి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

వదిన పని లాండ్రీలో. మన ఇంటి బట్టలు ఉతికే చిన్న కొట్టు కాదు, ఆసుపత్రులవీ హోటళ్ళవీ దుప్పట్లు బండ్ల మీద వచ్చిపడే పెద్ద లాండ్రీ. అక్కడ రోలరని ఒకటుంటుంది. మనిషి నడుమంత లావున ఇనప దుంగ, లోపల ఆవిరి. ఇద్దరు ఆడవాళ్ళు తడి దుప్పటిని చెరో కొసా పట్టుకుని, బిగలాగి దాని నోటికి అందిస్తే, అవతలి వైపు ఆరిపోయి ఇస్త్రీతో సహా బయటికొస్తుంది. ఆ నోటి ముందు ఒక అడ్డబద్ద ఉంటుంది. చెయ్యి దానికి తగిలిందంటే రోలరు టక్కున ఆగిపోవాలి. ఆడవాళ్ళ చేతులు దక్కడానికి పెట్టిన బద్ద అది. కానీ పని తొందరలో మోచెయ్యి తగిలినా ఆగుతుంది, నడుం తగిలినా ఆగుతుంది. ఆగినప్పుడల్లా లోపలున్న దుప్పటి మాడి పసుప్పచ్చ చార పడుతుంది. చార పడితే యజమాని మేస్త్రీని తిడతాడు. అందుకని ఆ లాండ్రీ మేస్త్రీలకు ఒక పాడలవాటు ఉండేది. చిరిగిన దుప్పటి పీలిక ఒకటి తీసుకుని అడ్డబద్దను కదలకుండా కట్టేసేవాళ్ళు. యజమాని వచ్చే వేళకి విప్పేసేవాళ్ళు.

తమ్ముణ్ణి మేస్త్రీగా పెట్టుకోమని యజమాని కాళ్ళావేళ్ళా పడింది మా వదినే. పెట్టుకున్నాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా! కుర్చీ దొరికిందో లేదో, ఒక్క దుప్పటికి కూడా చార పడకూడదని ఈయనగారు పీలిక తెచ్చి, తన చేతులతో బద్దను బిగించి కట్టాడు. "వద్దురా, అది ఉండాలి" అందిట వదిన. "నువ్వు అక్కవి ఇంట్లో. ఇక్కడ మేస్త్రీని నేను" అన్నాట్ట.

ఆ రోజే దుప్పటి అంచు మడతపడింది. సరిచేద్దామని వదిన వేళ్ళు పెట్టింది. రోలరు లాక్కుంది. ఎడం చేత్తో బద్దను కొట్టింది, నెట్టింది, దాని మీద పడింది. కట్టేసిన బద్ద ఎలా కదుల్తుంది? అవతలి వైపు నిలబడి దుప్పటి అందుకునే ఆవిడ ఎర్రగా వస్తున్న గుడ్డను చూసి కెవ్వున అరిచింది. అప్పుడు పరుగెత్తి మీట నొక్కాడు మా ఆయన. ఆసరికి చెయ్యి చెయ్యిగా లేదు.

యజమాని వచ్చి, "ఎవడు కట్టాడిది?" అని అడిగాడు. మా ఆయన రెండు క్షణాలు నీళ్ళు నమిలి, "అక్కే కట్టిందండీ. వద్దంటే వినలేదు" అన్నాడు. ఆ అవతలి వైపు ఆవిణ్ణి లాండ్రీలో అందరూ రేడియో అనేవాళ్ళు, నిద్రలో కూడా నోరు మూయదని. పీలిక కడుతుంటే కళ్ళారా చూసిన మనిషి. ఆవేళ ఆ రేడియో మూగబోయింది. తప్పు పనిచేసే మనిషిదే అన్నాక యజమానికి ఇంకేం కావాలి? ఆసుపత్రి మంచం మీద ఉండగానే వదినను పనిలోంచి తీసేశాడు.

మా ఆయన ఆసుపత్రి గడప తొక్కలేదు. రేడియో చేత పళ్ళు పంపించాడు.

ఇదంతా నాకు చాలా కాలం తర్వాత తెలిసిన సంగతి. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేసరికి నాకు చెప్పిన కథ వేరు. అక్కకు తొందరెక్కువ, ఎవరి మాటా వినదు, తనే కట్టుకుని తనే చెయ్యి పోగొట్టుకుంది, ఆవిడ వల్ల తనకు మాటొచ్చింది అని. మా ఆయన ఈ కథను చుట్టాలకి చెప్పాడు, ఇరుగుపొరుగుకి చెప్పాడు, చెప్పగా చెప్పగా తనకే నిజమైపోయింది. వదిన వింటూనే ఉండేది. అదే గదిలో ఎడం చేత్తో నేల తుడుస్తూ వినేది. ఒక్కనాడు కాదనలేదు.

ఇక సంఘం గురించి చెప్పాలి. మేమందరం వెళ్ళే ప్రార్థన మందిరంలో ఒక పద్ధతి ఉంది. అందరూ కలిసి రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభు బల్ల ఆదివారం, ఆ రొట్టె ముట్టుకునే ముందు, మనసులో ఎవరి మీదైనా ఏమైనా ఉన్నవాళ్ళు లేచి ఆ మనిషి దగ్గరికి వెళ్ళి, చేతులు కలిపి సమాధానపడాలి. మామూలుగా అన్నీ చిల్లర తగువులే. నిచ్చెన అడిగితే ఇవ్వలేదని, పలకరిస్తే పలకలేదని. జనానికి అదొక వినోదం. ఎవరు ఎవరి దగ్గరికి వెళ్తారా అని మెడలు సాచి చూస్తారు. ఇక ఎవరినైనా సంఘ పెద్దగా నిలబెట్టాలంటే, ఆ మనిషి అందరి ముందూ నిలబడి తన ఇంటి గొడవలన్నీ సర్దుకున్నానని సాక్ష్యం చెప్పాలి.

మా ఆయనకు సంఘ పెద్ద కావాలని కోరిక పుట్టింది. మేస్త్రీ పదవి పాతబడింది కదా! వదిన మీద జాలో, తన గొప్పో, ఆయనకే తెలియాలి, ఆ ఆదివారం బల్ల ముందు నిలబడి, గొంతు వణికిస్తూ ఇలా అన్నాడు.

"ప్రియులారా, మా అక్క చేసిన తప్పు మీకందరికీ తెలుసు. ఆవిడ మొండితనం వల్ల నా ఉద్యోగం పోవాల్సింది, నా పరువు పోయింది. ఇన్నేళ్ళూ ఆ బరువు మోశాను. ఈ రోజు ప్రభువు సన్నిధిలో మా అక్కను నేను మనస్ఫూర్తిగా క్షమిస్తున్నాను."

జనం స్తోత్రం స్తోత్రం అన్నారు. నా పక్కనున్నావిడ కళ్ళు తుడుచుకుంది. పాస్టరు గారు వదిన వైపు చెయ్యి చాచి, "రామ్మా, వచ్చి తమ్ముడి క్షమాపణ అందుకో" అన్నారు.

వదిన లేచింది. నెమ్మదిగా నడిచి వెళ్ళి తమ్ముడి ఎదురుగా నిలబడింది. ఆయన అప్పటికే కౌగిలించుకోవడానికి చేతులు చాచి ఉన్నాడు.

"నీ క్షమాపణ నేను పుచ్చుకోలేనురా" అంది వదిన. గట్టిగా ఏం అనలేదు, మామూలుగానే అంది. "నాది కాని తప్పుకి నేను క్షమాపణ ఎలా తీసుకుంటాను? నిన్ను నేను ఆసుపత్రి మంచం మీదే క్షమించేశాను. దేనికి క్షమించానో నీతో చెప్పలేదు. చెప్తే నీ పని పోతుందని భయపడ్డాను. ఆ భయాన్నే నేను ప్రేమనుకున్నాను. ఇవాళ చెప్తున్నా విను. అడ్డబద్దకి గుడ్డ కట్టింది నువ్వు. నా చెయ్యి అందులో పోయింది. కట్టింది నేనేనని చెప్పి నా కూడు తీశావు. ఈ మూడింటికీ నిన్ను క్షమించాను. తీసుకో."

ఎడం చెయ్యి చాచింది.

మా ఆయన మొహం మాడిపోయింది. "చూశారా! చూశారా పాస్టరు గారూ! క్షమిస్తానంటూ నా గొంతు కోస్తోంది!" అని అరిచాడు.

పాస్టరు గారు తడబడ్డారు. మంచివారే, కాకపోతే గొడవంటే భయం. "అమ్మా, క్షమించడమంటే మర్చిపోవడం కదా. పాత గాయాలు మళ్ళీ ఎందుకు రేపడం?" అన్నారు.

"మర్చిపోగలిగితే క్షమించాల్సిన పనేముందండీ?" అంది వదిన. "సిలువ మీద ప్రభువు తనను చంపేవాళ్ళను క్షమించమని అడిగినప్పుడు, నాకెవరూ మేకులు కొట్టలేదు అంటూ అడిగాడా? మేకులు చేతుల్లో ఉండగానే అడిగాడు."

ఎవరో "సాక్షులున్నారా?" అన్నారు. అందరూ రేడియో వైపు తిరిగారు. రేడియో ఇంకా లాండ్రీలోనే, మా ఆయన చేతి కిందే పనిచేస్తోంది. తల వంచుకుని తన చెప్పులు చూసుకుంది. ఎంతకీ తల ఎత్తలేదు. అంతే, మందిరం మొత్తం తీర్పు చెప్పేసింది. కుళ్ళు మనిషి. తమ్ముడు పైకొస్తుంటే ఓర్వలేదు. పైగా మేకులూ సిలువా అంటూ తనని ప్రభువుతో పోల్చుకుంటుందా? రొట్టె పళ్ళెం ఆ వరసలోకి వచ్చినప్పుడు, వదిన పక్కనున్నావిడ దాన్ని ఆమె మీదుగా అవతలివాళ్ళకు అందించేసింది.

ఇంటికొచ్చాక మా ఆయన చేసిన మొదటి పని వదిన బట్టల మూట వీధిలోకి విసరడం. తర్వాత ఆమె పడుకునే చాప విసిరాడు, తర్వాత దువ్వెన. దువ్వెన రాయికి తగిలి రెండు ముక్కలైంది. "నీ క్షమాపణ కట్టుకుని వీధిలో పడుకో" అన్నాడు. తిన్నింటి వాసాలు లెక్కబెట్టడం అంటారే, ఇక్కడ ఆ ఇల్లు ఆవిడ కష్టంతో నిలబెట్టిందే. వదిన వంగి, ఎడం చేత్తో ఒక్కొక్కటే ఏరుకుని, మూట కొస పళ్ళతో పట్టుకుని ముడేసింది. సాయం చేద్దామని వెళ్తే మా ఆయన నా జడ పట్టి వెనక్కి లాగాడు.

తలుపు వేశాక నేను అడిగాను. "ఆ గుడ్డ నువ్వే కట్టావా?"

"అన్నం పెట్టు" అన్నాడు.

ఇంకేం కావాలి నాకు? కట్టనివాడు కట్టలేదంటాడు. పెట్టాను. ఆయన తిన్నాడు, రెండోసారి కూడా వడ్డించుకుని తిన్నాడు.

వదిన పాత బట్టల కొట్టులో పనికి కుదిరింది. జనం పారేసిన చొక్కాల గుండీలు కోసి వేరుచేసే పని. చొక్కాను మోకాళ్ళ మధ్య బిగించి, ఎడం చేత్తో బ్లేడు పట్టుకుని కోసేది. మోకాళ్ళ నిండా గాట్లు. ఆ కొట్టు వెనకే, మూటల మధ్య పడక. నేను మా ఆయన కళ్ళుగప్పి వెళ్ళేదాన్ని. వెళ్ళి తిట్టేదాన్ని కూడా. ఎందుకంటే ఈ మహాతల్లి ఊరుకుంటేనా? ప్రతి బల్ల ఆదివారం మందిరానికి వచ్చేది. అందరూ చూస్తుండగా నడవ దాటి, మా ఆయన ముందుకు వెళ్ళి ఎడం చెయ్యి చాచేది. ఆయన మొహం తిప్పుకునేవాడు. కాసేపు నిలబడి తిరిగి వెళ్ళి కూర్చునేది. వెనక వరసల్లో కిసుక్కుమనేవాళ్ళు. "అదిగో బయల్దేరింది" అనేవాళ్ళు. ఆమెకొక పేరు కూడా పెట్టారు, ఒంటిచేతి వందనమని. దేవుడి ఇంట్లో కూర్చుని పెట్టిన పేరండీ అది!

"నీకు సిగ్గూ ఎగ్గూ లేదా వదినా? ఎన్నిసార్లు ఉమ్మేయించుకుంటావు?" అని ఒకసారి నిలదీశాను.

బ్లేడు పక్కన పెట్టింది. "నాకు కోపం లేదనుకుంటున్నావా? తెల్ల దుప్పటి ఎక్కడైనా ఆరేసి కనబడితే చాలు, వాడి పీక పిసకాలనిపిస్తుంది. పిసకడానికి రెండో చెయ్యి లేదని గుర్తొస్తుంది, ఇంకా మండుతుంది. పొద్దున్నే లేచి మొహం కడుక్కున్నట్టు రోజూ మళ్ళీ క్షమించుకోవాలి. ఒక్క రోజు మానేశానంటే ఆ రోజు నేను మనిషిని కాను. కొట్టు యజమానితో పోట్లాడతాను, వీధి కుక్కను తంతాను, ప్రార్థన నోటికి రాదు. వాడు తీసుకుంటాడా లేదా అన్నది వాడిష్టం. ఇవ్వకపోతే చచ్చేది నేను."

"నేనైతే విషం పెట్టేదాన్ని" అన్నాను.

"నువ్వు పెట్టవు. నీకు వంట చేయడమే బద్ధకం" అని నవ్వింది.

ఆ తర్వాత మా ఆయన పడిపోయాడు. లాండ్రీలో అరుస్తూ అరుస్తూనే కుప్పకూలాడు. కుడిపక్క మొత్తం చచ్చుబడింది, నోరు వంకరపోయింది, మాట పడిపోయింది. యజమాని ఆ వారంలోనే వేరే మేస్త్రీని పెట్టుకున్నాడు. సంఘంవాళ్ళు వచ్చి ప్రార్థన చేసి, గుమ్మం దాటుతూనే, "అక్క ఉసురు తగిలింది, కుడిచెయ్యే పడిపోయింది చూశారా" అని గుసగుసలాడుకున్నారు. నిన్నటిదాకా ఆమెను కుళ్ళు మనిషన్న నోళ్ళే! వెనకే వెళ్ళి నాలుగు దులిపాను. పక్షవాతం ఎందరికి రావట్లేదు? వాళ్ళందరికీ అక్కలున్నారా?

నేను పనికి పోతేగానీ ఇల్లు గడవదు. ఈ మనిషిని ఎవరు చూస్తారు? నేనెవరికీ కబురు పెట్టలేదు. వదినే వచ్చింది, మూట చంకన పెట్టుకుని. గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను.

"వద్దు వదినా. నిన్ను వీధిలోకి విసిరినవాడికి నువ్వు చాకిరీ చేస్తుంటే నేను చూడలేను."

"చూడకు. పనికి పో" అని నన్ను పక్కకు జరిపి లోపలికెళ్ళింది.

చాకిరీ అంటే ఏదో అనుకునేరు. ఒంటి చేత్తో అంత మనిషిని దొర్లించి పక్క మార్చేది. పక్కబట్టలు ఉతికేది, తెల్ల దుప్పట్లే, పిండడం కుదరక కొస కాలి కింద తొక్కిపట్టి మెలితిప్పేది. జావ తాగించేది. ఆయనేమో నోట్లో పోసిన జావను ఆమె మొహం మీద ఉమ్మేవాడు. అది రోగం కాదు, నేను పెడితే ఉమ్మేవాడు కాదు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని మళ్ళీ చెంచా నింపేది. ఒకసారి చూడలేక చెయ్యెత్తాను ఆయన మీద. వదిన తన మొండిచేతిని నా చేతికి అడ్డం పెట్టింది.

"కొట్టావంటే నేను వెళ్ళిపోతాను" అంది. ఆ కళ్ళల్లో జాలి లేదు, ఏడుపు లేదు. నాకే భయం వేసింది.

నెలలు గడిచాక ఆయనకు కొద్దికొద్దిగా మాట కూడుకోవడం మొదలైంది. "నీళ్ళు" అనేవాడు. "లే" అనేవాడు. సంగతి పాస్టరు గారికి తెలిసింది. ఆయన మనసులో ఏం నలుగుతోందో, ఒక మధ్యాహ్నం రేడియోను వెంటబెట్టుకుని వచ్చారు. రేడియో గడప లోపలికి అడుగుపెడుతూనే వదిన కాళ్ళ మీద పడింది. "నేను చూశాను తల్లీ, వాడే కట్టాడు, నేను చూశాను, నా పిల్లల కూడు పోతుందని మూసుకున్నాను" అని వెక్కివెక్కి ఏడ్చింది. ఇన్నేళ్ళకి! మేస్త్రీ మంచం పట్టాక నోరొచ్చింది మహాతల్లికి! నేను తిట్టడానికి నోరు తెరిచాను. వదిన అప్పటికే ఆమెను లేపి, "సరేలే, లే, మోకాళ్ళు నొప్పెడతాయి" అంటోంది.

పాస్టరు గారు మంచం పక్కన కూర్చున్నారు. "తమ్ముడూ, అక్క నీకెంత సేవ చేస్తోందో చూస్తున్నావు కదా. సాక్షి కూడా వచ్చింది. ఒక్క మాట చాలు. ఆ రోజు మందిరంలో నేను ఆమెకు అన్యాయం చేశాను. నువ్వొక మాటంటే నా మనసు కూడా తేలికపడుతుంది" అన్నారు.

వదిన చెంచాలో జావ తీసుకుని ఉంది. చెంచా గాల్లోనే ఆగిపోయింది. అప్పుడు చూశాను ఆమె మొహం. అన్నేళ్ళూ ఏమీ అక్కర్లేనట్టు తిరిగిన మనిషి మొహంలో, ఎంత ఆశ! చిన్నపిల్లలా పెదవులు కొద్దిగా తెరుచుకున్నాయి. ఆమెకు కావాల్సిందల్లా అదే. తమ్ముడు తీసుకోవాలి. ఒక్కసారి, ఔనని, తీసుకోవాలి.

మా ఆయన మమ్మల్నందర్నీ చూశాడు. రేడియోను చూశాడు. గొంతులో గురగురమంది. నోరు వంకరగా కదిలింది. చెమటలు పట్టాయి. వదిన ముందుకు వంగింది.

"ను... నువ్వే," అన్నాడు. "నువ్వే... కట్టా... వు."

పాస్టరు గారు కళ్ళు మూసుకున్నారు. రేడియో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను ఏం చేసేదాన్నో నాకే తెలియదు, చేతికి దొరికింది ఎత్తేదాన్నేమో.

వదిన మొహంలో ఆ ఆశ అణగారిపోవడం నేను చూశాను. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి, రెండు చుక్కలు జారి దుప్పటి మీద పడ్డాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, ఉన్న ఒక్క చేతిలోనూ చెంచా ఉంది. దాన్ని వణకనివ్వలేదు. ఆయన పెదవుల దగ్గరికి తెచ్చింది.

"కాదురా" అంది. "నువ్వే కట్టావు. నోరు తెరువు."